పంతుళ్లను చేబదులు తెచ్చుకోనివ్వండి: పాఠశాల విద్యా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యా కమిషనర్ గారికి,

నమస్కారం.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు దాటాక వచ్చే ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను లెక్కల టీచర్ని. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే రేపు మీ ఆఫీసు డీఈవో గారిని అడుగుతుంది, ఆయన ఎంఈవో గారిని అడుగుతారు, ఆయన మా హెచ్ఎం గారిని అడుగుతారు, చివరికి సంజాయిషీ రాసేది నేనే. దానికి పట్టే సమయంలో ఒక పాఠం చెప్పుకోవచ్చు.

విషయానికొస్తాను. టీచరు పోస్టు ఖాళీగా ఉన్న రెండు బడులు తెర ద్వారా ఒకరి టీచర్ని ఒకరు చేబదులు తెచ్చుకోనివ్వమన్నదే నా విన్నపం. కిందటి బదిలీల్లో మా పీఎస్ (భౌతిక రసాయన శాస్త్రం) మాస్టారు మైదాన ప్రాంతానికి వెళ్లిపోయారు. ఆయన్ని తప్పుపట్టను. ఎనిమిదేళ్లు ఇక్కడే ఉన్నారు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులున్నారు. ఆ పోస్టు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు మాకూ ఒకరు వస్తారని ఆశపడ్డాం. మా వరకు రాలేదు. వచ్చినా ఏజెన్సీలో కుర్చీ ఎంతకాలం వెచ్చగా ఉంటుందో మీకు తెలియనిది కాదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు భౌతిక రసాయన శాస్త్రం పుస్తకాన్ని వాళ్లకు వాళ్లే చదువుకుంటూ కూర్చున్నారు. ఖాళీ పీరియడ్‌లో నేను వెళ్లి లెక్కలే చెప్పేదాన్ని. నాకు వచ్చింది అదే మరి.

ఇలాంటప్పుడు శాఖ దగ్గరున్న మందు ఒక్కటే, పని సర్దుబాటు. ఒక బడిలో ఉన్న పీఎస్ టీచర్ని వారానికి మూడు రోజులు ఇంకో బడికి పంపడం. ఘాట్ రోడ్డు మీద బస్సు కోసం ఆయన గంట నిలబడాలి. వచ్చేసరికి రెండో పీరియడ్ అయిపోతుంది. ఆ మూడు రోజులూ ఆయన సొంత బడిలో పిల్లలు పుస్తకం పట్టుకుని కూర్చోవాలి. ఒక గుంత తవ్వి ఆ మన్నుతో ఇంకో గుంత పూడ్చినట్టు. మొత్తం గుంతల లెక్క ఎప్పటికీ తగ్గదు, లెక్కల టీచర్ని కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను.

బీఈడీలో నా పక్క బెంచీలో కూర్చున్న ఒకావిడ అనకాపల్లి వైపు ఒక హైస్కూల్లో పీఎస్ చెప్తుంది. వాళ్ల బడిలో లెక్కల మాస్టారు రిటైరయ్యారు, పోస్టు ఖాళీ. ఒక ఆదివారం ఫోనులో ఇద్దరం ఒకరి బాధ ఒకరికి చెప్పుకుంటుంటే ఆవిడే అంది: "మీ పిల్లలకి నేను పీఎస్ చెప్తా. మా పిల్లలకి నువ్వు లెక్కలు చెప్పు. నిన్ను నాకు చేబదులివ్వు." ఉప్పో పప్పో అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్లినంత తేలిగ్గా అనేసింది. అలా మొదలైంది. హెచ్ఎంలు ఇద్దరూ చూసీచూడనట్టు ఊరుకున్నారు. ఈ లేఖతో వాళ్లకు ఇబ్బంది రాకూడదని కోరుకుంటున్నాను.

నాడు-నేడు కింద ఆరో తరగతి నుంచి పై గదుల్లో పెట్టిన ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే తాకితే పనిచేసే పెద్ద తెరలు, మా రెండు బడుల్లోనూ ఉన్నాయి. మా ప్యానెల్‌కు కెమెరా లేదు. నా పాత ఫోనును ఒక స్టూలు మీద, రెండు అట్టల మధ్య ఇరికించి కెమెరాగా వాడాం. మొదటి వారం పాఠం కన్నా "వినబడుతోందా? వినబడుతోందా?" అన్నదే ఎక్కువ వినబడింది. మాది రేకుల కప్పు. వాన కురిస్తే గదిలో ఉన్న నా గొంతే నాకు వినబడదు, నూరు కిలోమీటర్ల అవతలి గొంతు సంగతి చెప్పక్కర్లేదు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో కనెక్షన్ కలపడానికే పది నిమిషాలు పోయేవి. తొమ్మిదో తరగతిలో ఇద్దరు పిల్లలు ఆ పని తమ మీద వేసుకున్నారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే పరుగెత్తి లింకు తెరిచి, మైకు సరిచూసి, ఫోను కోణం సర్దేస్తారు. వాళ్లకు వాళ్లే "తెర లీడర్లు" అని పేరు పెట్టుకున్నారు. వాళ్లకిచ్చిన గౌరవం క్లాసు లీడరుకి కూడా లేదిప్పుడు.

ఒక పీరియడ్ గురించి వివరంగా రాస్తాను. ఈ లేఖంతా దాని చుట్టూ తిరిగేదే.

పదో తరగతి, కాంతి పాఠం. కుంభాకార కటకం. ఆవిడ ముందురోజే చెప్పింది, జాతరలో అమ్మే భూతద్దాలు ఎన్ని దొరికితే అన్ని సిద్ధం చెయ్యమని. మాకు నాలుగు దొరికాయి. వాళ్లకు ఆరు. పాఠం మొదలవగానే ఆవిడ బోర్డు మీద కిరణ చిత్రం గియ్యలేదు. "కిటికీకి ఎదురుగా తెల్ల కాగితం పట్టుకోండి. అద్దాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. ఏమొచ్చిందో చెప్పండి" అంది. మా పిల్లల కాగితం మీద ఎదుటి కొండ పడింది, శిఖరం కిందికీ మొదలు పైకీ. వాళ్ల కాగితం మీద నీళ్ల ట్యాంకు తలకిందులైంది. "మా కొండ తిరగబడిపోయింది మేడమ్" అని ఇటునుంచి ఒకటే గోల, "మా ట్యాంకు కూడా" అని అటునుంచి. తరవాత కటకానికీ కాగితానికీ మధ్య దూరం స్కేలుతో కొలిచారు. మా అద్దానికి ఒక అంకె, వాళ్ల అద్దానికి ఇంకో అంకె. ఎందుకు తేడా వచ్చిందని రెండు గదులూ వాదులాడుకుంటే, లావుగా ఉబ్బిన అద్దానికి దూరం తక్కువ వస్తోందని వాళ్లలో ఎవరో గమనించారు. ఆ దూరానికి నాభ్యంతరం అన్న పేరు ఆవిడ నోటినుంచి వచ్చేసరికి దాని అర్థం పిల్లల చేతుల్లో ఉంది.

అప్పుడు మూడో బెంచీలో ఒక పిల్ల నాకు చీటీ అందించింది. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్ల. మూడేళ్లుగా నా క్లాసులో ఉంది, ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. తెలుగులో తప్పు వస్తే నవ్వుతారని భయం. చీటీలో ఇలా ఉంది: "అద్దం సగం మూస్తే కొండ సగమే పడుద్దా?" నేను దాన్ని చాట్‌లో పెట్టాను, పేరు లేకుండా. ఆవిడ చదివి, జవాబు చెప్పకుండా, "మంచి ప్రశ్న. అందరూ సగం మూసి చూడండి" అంది. మూశారు. కొండ మొత్తం అలాగే ఉంది, కాకపోతే కొంచెం మసకబారింది. రెండు గదుల్లోనూ నిశ్శబ్దం. ఆ ప్రశ్న ఆ పాఠం చివరి అభ్యాసంలో ఉందని ఆ పిల్లకు తెలియదు. పుస్తకంలో అక్కడిదాకా ఆమె ఇంకా వెళ్లలేదు.

ఆ చీటీకి తర్వాత ఒక వరస ఏర్పడింది. ఇప్పుడు పీరియడ్‌కు నాలుగైదు చీటీలు నా బల్ల మీద ఉంటాయి. ఎదురుగా నిలబడ్డ టీచరు ముఖం చూస్తే గొంతు పెగలని పిల్ల, తెర అవతల ఉన్న టీచరును ధైర్యంగా అడగగలదు. నేను ఊహించని లాభం ఇది. ఆవిడ స్వభావం మంచిది కాబట్టి అడుగుతున్నారనుకున్నాను మొదట. కాదు. ఆవిడ బడి పిల్లలు కూడా అలాగే నన్ను అడుగుతున్నారు, నేను అంత శాంతమూర్తినేం కాదు.

ఇక సీజన్ సంగతి. నవంబరు నుంచి జనవరి దాకా మా వైపు కాఫీ పండ్లు కోసే రోజులు. పిల్లలు కూలికి పోతారు, ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవడానికి ఆగిపోతారు. హాజరు పట్టీలో సున్నాలు పెట్టుకుంటూ పోవడమే ఇన్నాళ్లూ మేం చేసింది. ఇప్పుడు పాఠం రికార్డవుతుంది. పది రోజుల తర్వాత తిరిగొచ్చిన పిల్లాడు సాయంత్రం స్టడీ అవర్‌లో ప్యానెల్ మీద ఆ పాఠం పెట్టుకుంటాడు, అర్థం కాని చోట ఆపుతాడు, వెనక్కి తిప్పుతాడు. నన్ను మూడోసారి చెప్పమంటే నా గొంతు కొంచెం పెరుగుతుంది, ఒప్పుకుంటాను. రికార్డుకు విసుగు లేదు. నెలసరి రోజుల్లో రాని ఆడపిల్లలకు ఇది ఎంత అక్కరకొచ్చిందో వాళ్లే నాతో చెప్పారు.

టీచర్లకేం ఒరిగిందని మీరడగొచ్చు. అడగాలి కూడా. పని పెరిగింది కదా అని సంఘాలవాళ్లూ అడుగుతారు.

పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇంకో టీచరు పాఠం చెప్తుంటే కూర్చుని చూసింది లేదు నేను. ఉద్యోగంలో చేరిన రోజున నన్ను ఒక గదిలోకి పంపి తలుపు వేశారు, ఆ తలుపు ఇప్పుడే తెరుచుకుంది. డాక్టరు పక్క డాక్టరు ఆపరేషన్ చూస్తాడు, వడ్రంగి పక్క వడ్రంగి చేతివాటం చూస్తాడు. మాకు ఆ భాగ్యం లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో టీచింగ్ ఎయిడ్స్ గురించి మాట్లాడుకుంటామే కానీ నిజంగా పిల్లల ముందు పాఠం నడిచే తీరు చూడం. ఆవిడ ప్రశ్న వేసి ఆగుతుంది. ఎంతసేపు ఆగుతుందంటే, వెనక నిలబడ్డ నాకు ఊపిరి బిగబట్టినట్టుంటుంది. ఆ ఖాళీలోంచే ఏదో ఒక చెయ్యి లేస్తుంది. నా పాఠం రికార్డు పెట్టుకుని చూస్తే, ఒక్క పీరియడ్‌లో "అర్థమైందా?" అని పద్నాలుగుసార్లు అన్నాను. ఒక్కసారి కూడా జవాబు కోసం ఆగలేదు. ఏ శిక్షణ తరగతిలోనూ నాకెవరూ చెప్పని మాట అది. ఇప్పుడు ఆగడం నేర్చుకుంటున్నాను. కష్టంగానే ఉంది.

ఇంకా ఉంది. కరోనా కాలంలో దీక్షా అనే ప్రభుత్వ వేదిక మీద నిష్ఠా అనే టీచర్ల శిక్షణ ఆన్‌లైన్లో చేశాం. బస్సు చార్జీలు మిగిలాయి, ఆనందం. కానీ అది ఒకరు చెప్తే మేం విని సర్టిఫికెట్ తీసుకోవడం. ఇప్పుడు నేనంటున్నది ఇద్దరు టీచర్లు వారం వారం ఒకే పిల్లల గురించి మాట్లాడుకోవడం. "మీ ఫలానా అబ్బాయి సరూప త్రిభుజాల్లో నిష్పత్తి తిరగేస్తున్నాడు, చూశావా" అని ఆవిడ బడి గురించి నేను చెప్తాను. ఆ మాట నా వృత్తిలో నాతో ఎవరూ అని ఉండలేదు, నేనూ ఎవరితో అనలేదు.

ఇప్పుడు మీకు గుర్తొచ్చేది 2020 అని తెలుసు. అది గుర్తొస్తే చాలు, ఆన్‌లైన్ అన్న మాటకే తల్లిదండ్రులు వద్దని చేతులు జోడిస్తారు. మా పిల్లలు సిగ్నల్ కోసం కొండెక్కారు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒక ఫోను, అదీ నాన్నతో పాటు పనికి పోయేది. తెలంగాణలో ఆ సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిల్లో పాఠాలు నడిపారు, మన దగ్గర సప్తగిరి చానల్లో పదో తరగతి పాఠాలు వచ్చాయి. టీవీ ఉన్న ఇంటికి అది ఆదరువే. కానీ ఆనాడు జరిగింది బడిని ముక్కలు చేసి ఇంటింటికీ పంచడం. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి ఒంటరితనం వాళ్లది. నేను అడుగుతున్నది దానికి పూర్తిగా తలకిందులు. పిల్లలందరూ బడిలోనే ఉంటారు, మధ్యాహ్న భోజనం అక్కడే, ఆటలు అక్కడే. ఒక గది, ఒక తెర, ఒక కనెక్షన్. గదిలో ఒక టీచరు, తెర మీద ఒక టీచరు. ఆ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే ఇంత గందరగోళం.

తెర మీద పాఠం మనకు కొత్తేం కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలుగులో కార్యక్రమాలు వచ్చాయి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. అచ్చంగా చదువు కోసమే చేసిన ఎడ్యుశాట్ 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. 2008లో ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీలు నడిపే విశ్వవిద్యాలయం) మొదలైనప్పుడు పల్లెటూరి పిల్లలకు లాప్‌టాప్‌లిచ్చి, తెర మీద పాఠానికి పక్కన మెంటర్లను పెట్టి నడిపారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ గ్రిడ్ వచ్చింది. తీగలు మా ఊరి కరెంటు స్తంభాల మీదా కనబడతాయి. యాభై ఏళ్లుగా పాఠాన్ని పైనుంచి కురిపించడంలో మనం ఆరితేరాం. కిందనుంచి ఒక పిల్ల ప్రశ్న పైకి ఎక్కే దారి మాత్రం చాలా బడులకు దొరకలేదు. ఆ చీటీ రికార్డు చేసిన పాఠంలో ఎక్కడికి పోతుంది?

బ్రెజిల్‌లో అమెజాన్ అడవి మధ్యనున్న అమెజోనాస్ రాష్ట్రం ఈ చిక్కును 2007లోనే ఎదుర్కొంది. నదుల వెంబడి ఊళ్లు, పడవ తప్ప దారి లేదు, సబ్జెక్టు టీచర్లు అంత దూరం పోరు. రాజధాని మనౌస్‌లో స్టూడియో పెట్టి ఉపగ్రహం ద్వారా పాఠాలు ప్రత్యక్షంగా చెప్పించారు. రెండు వైపులా మాట్లాడుకునే వీలు పెట్టారు. ముఖ్యమైనది, ప్రతి గదిలోనూ ఒక టీచర్ని ఉంచారు. అక్కడి పడవ దారులూ మా ఘాట్ రోడ్లూ ఒకటే అనను. గదిలో మనిషి ఉండాలన్న తెలివి మాత్రం మనకు పనికొస్తుంది. కటకం పాఠం రోజు నేను గదిలో లేకపోతే ఆ చీటీ ఎవరి చేతికీ వెళ్లేది కాదు. నాలుగు అద్దాల కోసం మగపిల్లలు కొట్టుకుని ఉండేవాళ్లు కూడా.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు దీన్ని తీసుకెళ్లకండి. అ ఆలు దిద్దించడానికి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలి, ఇంటి భాష వేరైన మా పిల్లలకు మరీనూ. హైస్కూల్లోనూ ఒక టీచర్ని పది బడులకు కలపకండి. ఒకసారి మూడో బడిని కూడా కలిపి చూశాం. పాఠం సాగింది కానీ ప్రశ్నలు చచ్చిపోయాయి. రెండు గదులకు మించితే అది మళ్లీ టీవీయే. నోటుపుస్తకాలు దిద్దడం ఇప్పటికీ మాకు కొరకరాని కొయ్యే. రోజుకు అయిదు పుస్తకాల ఫొటోలు తీసి పంపుకుంటున్నాం, కానీ ఎర్ర సిరా పెన్నుతో పక్కన కూర్చుని దిద్దడానికి అది సాటిరాదు. ఆమ్లాలు, క్షారాల ప్రయోగాలు నేను చేయించలేను, భయం. వాటికోసం ఆవిడ నెలకొకసారి స్వయంగా వచ్చేలా ఏర్పాటు ఉంటే బాగుంటుంది.

ఇక మీ చేతిలో ఉన్న పనులు. వీటిలో ఏదీ కోట్లు అడిగేది కాదు.

మొదటిది గంట. మా బడి గంట ఒక వేళకు, వాళ్ల బడి గంట ఇంకో వేళకు. మా మూడో పీరియడ్ వాళ్లకు సగం ఇంటర్వెల్. జత కట్టిన బడుల టైంటేబుల్ కలిపే అధికారం హెచ్ఎంలకు ఇవ్వండి, చాలు. దానికి విజయవాడ నుంచి ఉత్తర్వు రావాల్సిన పని ఉండకూడదు. మా పక్కనే ఉన్న ఆశ్రమ పాఠశాలలో మంచి బయాలజీ టీచరున్నారు. ఆయన గిరిజన సంక్షేమ శాఖ, మేం మీ శాఖ. గోడ ఒకటే, ఫైళ్లు రెండు. ఆ శాఖ అధికారులతో మీరొకసారి టీ తాగితే తేలిపోయే సంగతిది.

నేను వాళ్లకు చెప్పే పీరియడ్లు నా పనిభారంలో లెక్కకు రావాలి. ఇప్పుడు అవి అదనం, ఇష్టపడి చేస్తున్నాం కాబట్టి నడుస్తోంది. ఇష్టం మీద నడిచే పని ఇద్దరి మధ్య నడుస్తుంది, జిల్లా అంతా నడవదు. అలాగే గదిలో ఉండే టీచరు పని ఖాళీగా కూర్చోవడం కాదని ఎక్కడో ఒకచోట రాసి పెట్టండి. లేకపోతే ఆ పీరియడ్‌లో నన్ను ఇంకో క్లాసుకు పంపేస్తారు, తెర ముందు పిల్లలు మిగులుతారు.

డబ్బు సంగతి. ముప్పై దాటి వందలోపు పిల్లలున్న బడికి నిర్వహణ ఖర్చులకిచ్చే సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 25 వేలు. చీపురు నుంచి సుద్దముక్కల దాకా అందులోంచే. ఇంటర్నెట్ బిల్లు, ఒక మంచి మైకు, కరెంటు పోతే గంట నిలిచే బ్యాటరీ, ఈ మూడింటికి విడిగా కొంత ఇప్పించండి. మాటకు డేటా పెద్దగా అక్కర్లేదు, సెకనుకు వంద కిలోబిట్లు ఉంటే గొంతు స్పష్టంగా వస్తుంది. వీడియోకు దానికి పదింతలు కావాలి. నెట్ నీరసించినప్పుడు మేం ముఖాలు ఆపేసి గొంతూ బోర్డూ మాత్రం ఉంచుకుంటాం. అలా ఎన్ని పాఠాలో గట్టెక్కాయి. కాబట్టి పెద్ద స్టూడియోలు, పెద్ద టెండర్లు వద్దు. గాలివానకు చెట్టు విరిగి స్తంభం మీద పడితే కరెంటుతో పాటు ఫైబర్ తీగా పోతుంది. దాన్ని రెండు రోజుల్లో అతికేవాడు మండలంలో ఒకడుండాలి. మా బడికి ఏ ప్యానెల్ ఇచ్చారన్నదానికన్నా, అది పాడైతే ఎవరికి ఫోను చెయ్యాలన్నదే నాకు ముఖ్యం.

ఒక విన్నపం, కాస్త చనువుగా. దీనికి కొత్త యాప్ పెట్టకండి. ముఖ హాజరూ యాప్‌లోనే, భోజనం లెక్కా యాప్‌లోనే, బోధన కన్నా అప్‌లోడే ఎక్కువైపోయింది మా బతుకులో. వర్చువల్ క్లాసు జరిగిందని రుజువుగా రోజూ ఫొటో అడిగిన మర్నాడే ఇది ఫొటో కోసం జరిగే క్లాసైపోతుంది.

ఇక ఈ లేఖ రాయడానికి నేను నాలుగు నెలలు వెనకాడిన కారణం. మా సంఘంలో ఒక పెద్దాయన అన్నారు: "అమ్మా, నువ్వు మంచికే చేస్తున్నావు. రేపు ఇది చూపించి, తెర ఉందిగా, పోస్టెందుకు అంటారు." ఆయన భయం ఒట్టిది కాదు. అందుకే ఈ లేఖ నకలు ఉపాధ్యాయ సంఘాలన్నిటికీ పంపుతున్నాను. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు-లెక్కలు, సాంఘికం, భాషలకు కనీసం ఒక్కో టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉంది. ఆ టీచరు గదిలో ఉండాల్సిన మనిషే, తెర కాదు. కాబట్టి మీ ఉత్తర్వులో ఒక్క వాక్యం ఉండి తీరాలి: వర్చువల్ పీరియడ్ నడుస్తున్న చోట ఆ పోస్టును ఖాళీగానే చూపాలి, బదిలీల్లోనూ డీఎస్సీలోనూ ఆ ఖాళీని మొదట నింపాలి. చేబదులు తెచ్చుకున్న ఇల్లాలు సంతకెళ్లి సరుకు తెచ్చుకోవడం మానదు కదా. తెచ్చుకునేదాకా పొయ్యి ఆరకుండా ఉండటానికే ఆ గిన్నెడు పప్పు. ఆ వాక్యం లేని ఉత్తర్వు వస్తే, నేనే ఆ పెద్దాయన పక్కన ధర్నాలో కూర్చుంటాను.

పీఎస్ టీచరు వచ్చాక కూడా మేమిద్దరం వారానికొక పీరియడ్ కలుపుకోవాలనే అనుకుంటున్నాం. పిల్లలు అడుగుతున్నారు. ట్యాంకు ఊరివాళ్లు కొండ చూడటానికి వస్తారట, మావాళ్లు సముద్రం చూడాలంటున్నారు. ఖర్చు లెక్కలు వేసే పని పదో తరగతికే అప్పజెప్పాను.

మీరు పాడేరు వైపు పర్యటనకు వచ్చినప్పుడు ముందస్తు కబురు లేకుండా ఒక సోమవారం రండి. మా మూడో పీరియడ్ 10.50కి. స్వాగత తోరణాలు, పూలగుత్తులు ఉండవు, వెనక బెంచీలో చోటు మాత్రం ఉంటుంది. ఈసారి కంటి పాఠం. వస్తూ వస్తూ ఒక భూతద్దం పట్టుకురండి. మా నాలుగింటిలో ఒకటి పగిలిపోయింది.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కల టీచరు,
పాడేరు మన్యం

నకలు: ఉపాధ్యాయ సంఘాల నాయకులకు, పెద్దాయనకు ప్రత్యేకంగా.